భోజనాల బల్ల మీద హత్యలు

పత్రికల వాళ్లు ఇంటికొస్తే తప్పకుండా అడిగే ఫొటో ఒకటుండేది: రచయిత్రి తన రాతబల్ల ముందు కూర్చుని, కలం పట్టుకుని, ఏదో ఆలోచిస్తున్నట్టు. అగాథా క్రిస్టీకి అక్కడే చిక్కు వచ్చిపడేది. ఆమెకు రాతబల్ల లేదు. రాసుకునే గది కూడా లేదు. కదలకుండా నిలిచే బల్ల ఒకటి, టైపు మిషను ఒకటి ఉంటే చాలు. ఆ బల్ల పడకగదిలో ముఖం కడుక్కోవడానికి పెట్టిన పాలరాతి బల్ల కావచ్చు, రెండు పూటల తిండికీ మధ్య ఖాళీగా ఉన్న భోజనాల బల్లా కావచ్చు. ఏదైనా ఫారంలో 'వృత్తి' అన్న గడి ఎదురైతే, పేరు వచ్చాక కూడా చాలా కాలం ఆమె 'వివాహిత' అనే రాసేది.

66 డిటెక్టివ్ నవలలు, 14 కథా సంపుటాలు, నాటకాలు, మారుపేరుతో ఇంకో ఆరు నవలలు. అమ్ముడుపోయిన ప్రతుల లెక్క 200 కోట్లు దాటిందంటారు. ఇంత సరుకు ఎక్కడ తయారైందంటే వేలు పెట్టి చూపించడానికి ఒక చోటంటూ లేదు. పని ఎక్కడ నేర్చుకుందో మాత్రం చూపించవచ్చు. అది గ్రంథాలయం కాదు, మందులు కలిపే గది.

ఇంగ్లండు నైరుతి మూల, డెవన్ తీరంలో టార్కీ అనే ఊరు. సముద్రపు గాలికి డబ్బున్నవాళ్లు వచ్చిపోయే చోటు. 1890 సెప్టెంబరు 15న అగాథా అక్కడే పుట్టింది. ఎనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలకు చదువు నేర్పకూడదని వాళ్లమ్మ సిద్ధాంతం. ఈ పిల్ల ఐదేళ్లకే తనంతట తాను చదవడం పట్టేసింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక టార్కీ టౌన్ హాలు ఆసుపత్రిగా మారింది. పెళ్లీడు అమ్మాయిలు నర్సులుగా చేరారు. అగాథా కూడా కొన్నాళ్లు గాయాలకు కట్లు కట్టి, తర్వాత డిస్పెన్సరీకి మారింది. మన ఊళ్లలో 'కాంపౌండరు' అనే మాట ఇంకా బతికే ఉంది. ఆమె చేసింది సరిగ్గా ఆ పనే. అప్పట్లో మందులు ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టెల్లో వచ్చేవి కావు. డాక్టరు చీటీ చూసి పొడులు తూచి, అరకులు కొలిచి, లేపనాలు నూరి, సీసాల్లో పోసి ఇవ్వాలి. ఒక గ్రెయిను అటైతే మందు, ఇటైతే విషం. ఇందుకోసం ఆమె చదువుకుని, 1917లో అపోతికరీల సంఘం పెట్టే పరీక్ష పాసైంది.

ఆ చదువు రోజుల్లో జరిగిన సంగతొకటి ఆమె ఆత్మకథలో ఉంది. పాఠాలు చెప్పడానికి ఊళ్లోని ఒక ఫార్మసిస్టు కుదిరాడు. తన పని మీద తనకు మహా నమ్మకమున్న మనిషి. ఒకరోజు ఆయన మందు బిళ్లలు పోస్తున్నాడు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగిపోయింది, మందు పదింతలు పడింది. శిష్యురాలు గమనించింది. చెబుదామంటే ఆయన ఒప్పుకునే రకం కాదు, ఊరుకుందామంటే ఏ రోగి ప్రాణం మీదికి వస్తుందో. ఆమె కాలు జారినట్టు నటించింది. బిళ్లలున్న పళ్లెం కిందపడేసి, గాభరా పడ్డట్టు వాటి మీద అడుగులు వేసి నలిపేసి, క్షమాపణ చెప్పుకుంది. మళ్లీ కొత్తగా పోశారు. ఆమె నవలల్లో ఎంతమంది పనిమనుషులు, ముసలమ్మలు, అత్తగార్లు ఇలా అమాయకంగా 'జారిపడి' ఉంటారో లెక్కపెట్టుకోవచ్చు.

ఆ పెద్దమనిషే ఇంకోరోజు జేబులోంచి నల్లటి ముద్ద ఒకటి తీసి చూపించి, ఇదేమిటో తెలుసా అన్నాడట. క్యురారే. దక్షిణ అమెరికాలో బాణాల మొనలకు పూసే విషం. తింటే ఏమీ కాదు, రక్తంలో కలిస్తే మనిషి మిగలడు. ఎందుకు దగ్గర పెట్టుకుంటారని అడిగితే, అది జేబులో ఉంటే తనకు బలం ఉన్నట్టు అనిపిస్తుందన్నాడు. ఆ మాట, ఆ మొహం ఆమె బుర్రలో నలభై ఏళ్లకు పైగా ఊరి, 1961లో 'ది పేల్ హార్స్' నవలలో పైకి తేలాయి. ఈ నవల దగ్గరికి మళ్లీ రావాలి.

అక్క మ్యాడ్జ్ ఎప్పుడో ఒక పందెం లాంటిది వేసింది: నువ్వు డిటెక్టివ్ నవల రాయలేవని. డిస్పెన్సరీలో పని ఒక్కోసారి ఊపిరాడనివ్వదు, ఒక్కోసారి మధ్యాహ్నమంతా ఖాళీ. చుట్టూ అరల నిండా విషాలు. అంచేత హత్య విషంతోనే జరగాలని ముందుగా నిశ్చయమైపోయింది. డిటెక్టివు ఎవరు? షెర్లాక్ హోమ్స్ లాంటి వాడైతే పోలిక తప్పదు. టార్కీలో అప్పటికి బెల్జియం నుంచి వచ్చిన శరణార్థులు తలదాచుకుంటున్నారు. వాళ్లలో పోలీసు ఉద్యోగం చేసి విరమించిన వాడొకడు ఉంటే? గుడ్డులాంటి తల, మీసాల మీద మోజు, వస్తువు ఏదైనా అంగుళం పక్కకు జరిగి ఉంటే సహించలేని గుణం. అలా పుట్టాడు హెర్క్యూల్ పాయిరో. అతన్ని మొదటి పుస్తకంలోనే ముసలివాణ్ణి చేయడం పెద్ద పొరపాటని, అప్పటి నుంచీ లెక్కేస్తే అతని వయసు నూరు దాటిపోయిందని ఆమె తర్వాత నవ్వుకుంది.

సగం రాశాక కథ ముడిపడిపోయింది. సెలవు పెట్టి డార్ట్‌మూర్ బీళ్ల అంచున హేటార్ దగ్గరున్న మూర్లాండ్ హోటల్లో దిగమని తల్లి సలహా. పొద్దున్నంతా చెయ్యి నొప్పి పుట్టేదాకా రాత. మధ్యాహ్నం బీళ్లలో నడక. నడుస్తూ పాత్రల మాటలన్నీ పైకే అనుకోవడం, ఒక పాత్రగా అడిగి ఇంకో పాత్రగా జవాబు చెప్పుకోవడం. ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో గానీ, సంభాషణ కోసం ఈ అలవాటు ఆమెకు చివరిదాకా ఉంది. రెండు వారాల్లో మిగతా సగం అయిపోయింది. 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్' అనే ఆ రాతప్రతిని ఒకరి తర్వాత ఒకరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి బాడ్లీ హెడ్ సంస్థ నడిపే జాన్ లేన్ పిలిచాడు. 1920లో అమెరికాలో, 1921 జనవరిలో ఇంగ్లండులో పుస్తకం వచ్చింది. ఆమె చేతికందింది 25 పౌండ్లు. ఇంకో ఐదు పుస్తకాలు ఆయనకే ఇవ్వాలని ఒప్పందంలో ఒక షరతు. సంతకం చేసే ఆనందంలో ఆమె దాన్ని పట్టించుకోలేదు. తర్వాత చాలా పట్టించుకుంది.

జాన్ లేన్ అడిగిన మార్పు మాత్రం ఆ డబ్బు కన్నా విలువైనది. మొదటి ప్రతిలో పాయిరో గుట్టు విప్పేది కోర్టు బోనులో నిలబడి, సాక్షిగా. కోర్టులు అలా నడవవు, న్యాయవాది అంతసేపు ఎవణ్ణీ మాట్లాడనివ్వడు, మార్చమన్నాడు లేన్. ఆమె సన్నివేశాన్ని ఇంటి ముందుగదికి మార్చింది. అనుమానితులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, డిటెక్టివు నెమ్మదిగా ఒక్కో పొర ఒలవడం అన్న తంతు ఆమె పుస్తకాలకు ముద్రగా స్థిరపడింది అక్కడి నుంచే. తర్వాత ఎన్ని నవలలు, ఎన్ని సినిమాలు, ఎన్ని సీరియళ్లు దాన్ని ఎత్తుకున్నాయో చెప్పలేం. కోర్టు రూపం పోలేదు. ఆమె నోటుపుస్తకాల్లో 37వ నంబరు దాంట్లో పెన్సిలు గీతల్లో అలాగే ఉండిపోయింది. ఇక హత్య కిటుకంటారా, ఒకదానితో ఒకటి కలపకూడని మందుల గురించి కాంపౌండరుకు తెలిసే సంగతి అది. విప్పి చెబితే చదవని వాళ్లకు ద్రోహం. పుస్తకానికి వచ్చిన మెప్పులన్నింటిలో ఆమె ఎక్కువ గర్వపడ్డది ఫార్మసిస్టుల పత్రిక రాసిన సమీక్షకు.

నోటుపుస్తకాల మాట వచ్చింది కాబట్టి అవేమిటో చూద్దాం.

2004లో అగాథా కూతురు రోజలిండ్ చనిపోయింది. మరుసటి ఏడు, డెవన్‌లో డార్ట్ నది ఒడ్డున ఉన్న గ్రీన్‌వే ఇంటికి జాన్ కరన్ అనే ఐర్లండ్ పరిశోధకుడు వెళ్లాడు. అగాథా, ఆమె రెండో భర్త 1938లో 6,000 పౌండ్లకు కొనుక్కున్న వేసవి ఇల్లది. అక్కడ ఒక పెట్టెలో 73 నోటుపుస్తకాలు కనిపించాయి. ఏదో తోలుబైండింగుల దస్త్రాలు ఉంటాయనుకుంటే పొరపాటే. కొన్ని బడిపిల్లలు వాడే చవక పుస్తకాలు. కూతురు వాడి వదిలేసినవి కూడా వాటిలో ఉన్నాయి. ఇంట్లో ఏది చేతికి దొరికితే అది, ఏ పేజీ ఖాళీగా ఉంటే ఆ పేజీ. ఒకే పుస్తకంలో ముందు నుంచి ఒక నవల, వెనక్కి తిప్పి ఇంకో నవల, మధ్యలో పదిహేనేళ్ల తర్వాతి నాటకం. తేదీలు దాదాపు లేవు. పుస్తకాల మీది నంబర్లు కూడా తర్వాత వేసినవే, కాలక్రమంతో వాటికి సంబంధం లేదు. దస్తూరీ మరీ ఘోరం. జోరుగా రాసిన 1930ల, 1940ల పేజీలు చదవడానికి కరన్‌కు నెలలు పట్టింది.

హత్యల మధ్యలో సంసారం. క్రిస్మస్‌కు ఎవరికేం కొనాలో జాబితా, బ్రిడ్జి ఆటలో పాయింట్లు, తోటలో నాటాల్సిన మొక్కలు, ఆ కిందే ఎవరికి ఎంత విషం. మన ఇళ్లలో పాలలెక్క, చాకలిపద్దు రాసుకునే పుస్తకంలోనే ఇల్లాలు నవల కూడా రాసుకుంటే ఎలా ఉంటుందో అలా.

ఈ పేజీలు ఒక పాత అపోహను పోగొట్టాయి. డిటెక్టివ్ నవల రాసేవాళ్లు ముందు హంతకుణ్ణి ఖాయం చేసుకుని, చివరి నుంచి మొదటికి అల్లుకొస్తారని అనుకుంటాం. క్రిస్టీ విషయంలో అది సగమే నిజం. 'క్రూకెడ్ హౌస్' 1949లో వచ్చింది. ఆమెకు బాగా ఇష్టమైన సొంత పుస్తకాల్లో అదొకటి. చదివిన వాళ్లు దాని ముగింపు మర్చిపోలేరు. అలాంటి పుస్తకపు నోట్సులో కూడా హంతకుల పదవికి ఒకరికి మించి అభ్యర్థులున్నారు. ఎవరు, ఎందుకు, ఎప్పుడు, ఎలా అని తనను తానే ప్రశ్నలు వేసుకుంటుంది. జవాబులు రెండు మూడు రాస్తుంది, ఒకటి కొట్టేస్తుంది. సన్నివేశాలకు ఏ, బీ, సీ, డీ అని అక్షరాలు పెట్టి, వాటి గురించి రెండేసి ముక్కలు రాసుకుని, ఆ తర్వాత పేకముక్కలు కలిపినట్టు అక్షరాల వరస మారుస్తుంది. బీ ముందొస్తే పాఠకుడు ఏమనుకుంటాడు? డీ తర్వాత పెడితే? తూకం పళ్లెంలో చిటికెడు వేసి, చిటికెడు తీసే ఆ చెయ్యి మనకు తెలిసిందే.

పనికిరాని ఆలోచన అంటూ ఏదీ పారేయలేదు. ఒక పేజీలో రెండు వాక్యాలుగా రాసి వదిలేసింది ఇరవై ఏళ్ల తర్వాత మరో కథలో తేలుతుంది. 1931 డిసెంబరులో ఆమె ఒంటరిగా ఎక్కిన ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ వరదల వల్ల దారిలో ఆగిపోయింది. తోటి ప్రయాణికుల తీరుతెన్నులు భర్తకు ఉత్తరంలో రాసింది. వాళ్లలో కొందరు వేషం మార్చుకుని 1934 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్'లో ఎక్కారు. ఈ పొదుపు ఒకసారి ఆమెను ప్రభుత్వ గూఢచారుల కంట్లోనూ పెట్టింది. 1941లో వచ్చిన 'ఎన్ ఆర్ ఎమ్?' గూఢచారి నవలలో మేజర్ బ్లెచ్లీ అనే విసుగు పుట్టించే పాత్ర ఉంది. జర్మన్ రహస్య సంకేతాలు ఛేదించే స్థావరం బ్లెచ్లీ పార్కులో ఉందన్నది అప్పటికి పరమ రహస్యం. ఆమెకు ఎలా తెలిసింది? అక్కడ పనిచేసే డిల్లీ నాక్స్ ఆమెకు స్నేహితుడు. టీకి పిలిచి, ఏమీ ఎరగనట్టు ఆ పేరు ఎందుకు పెట్టావని అడిగాడు. రైలు ఆ స్టేషనులో ఆగిపోయి విసిగించింది, అందుకని నాకు నచ్చని పాత్రకు ఆ పేరు తగిలించానందామె.

1926 గురించి రాయకపోతే పాఠకులు ఊరుకోరు. ఆ ఏడు ఏప్రిల్లో తల్లి పోయింది. వేసవిలో 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఎక్రాయిడ్' వచ్చి, దాని ముగింపు న్యాయమా అన్యాయమా అని విమర్శకులు కొట్టుకున్నారు. భర్త ఆర్చీ మరో స్త్రీని ప్రేమించానని చెప్పేశాడు. డిసెంబరు 3 రాత్రి ఆమె కారెక్కి వెళ్లిపోయింది. ఆ కారు న్యూలాండ్స్ కార్నర్ దగ్గర దొరికింది. వందలమంది పొదలు వెతికారు. 14వ తేదీన హారొగేట్‌లోని ఒక హోటల్లో, భర్త ప్రేమించిన ఆవిడ ఇంటిపేరే పెట్టుకుని ఉండగా ఆచూకీ తెలిసింది. ఆత్మకథలో ఈ పదకొండు రోజుల మీద ఒక్క మాట లేదు. ఇతరులు మాత్రం గంపెడు పుస్తకాలు రాశారు.

వృత్తి కథలో ఆ పదకొండు రోజుల కన్నా తర్వాతి కొన్ని వారాలే ముఖ్యం. 1927 మొదట్లో కూతుర్నీ, సెక్రటరీ షార్లట్ ఫిషర్‌నూ వెంటబెట్టుకుని ఆమె కెనరీ దీవులకు వెళ్లింది. డబ్బు కావాలి, పుస్తకం ఇవ్వాలి. 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్' రాయడం రావట్లేదు. సెక్రటరీకి చెప్పి రాయిస్తుంటే మాటలు కట్టెల్లా వస్తున్నాయి. పాత్రల మీద ఇష్టం లేదు, కథ మీద నమ్మకం లేదు. అయినా పూర్తి చేసింది. ఆ పుస్తకాన్ని జన్మంతా అసహ్యించుకుంది. కానీ తాను సరదా రచయిత్రి స్థితి దాటి వృత్తి రచయిత్రి అయింది అప్పుడేనని ఆమే చెప్పుకుంది. రాయబుద్ధి కానప్పుడు, రాస్తున్నది నచ్చనప్పుడు కూడా రాయడమే ఆ తేడా.

విడాకులు 1928లో అయ్యాయి. ఆ శరత్తులో రైలెక్కి బాగ్దాద్ పోయింది. 1930లో ఊర్ తవ్వకాల దగ్గర మ్యాక్స్ మాలోవన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పరిచయమయ్యాడు. వయసులో పదమూడేళ్లకు పైగా చిన్నవాడు. అదే సెప్టెంబరులో పెళ్లి. అప్పటి నుంచి చాలా చలికాలాలు సిరియా, ఇరాక్ దిబ్బల మీదే. ఆమె అక్కడ అతిథిలా కూర్చోలేదు. వస్తువులకు ఫొటోలు తీసింది, పట్టీలు రాసింది. నిమ్రూద్‌లో మట్టిపట్టిన దంతపు బొమ్మలను అల్లికసూదితో, తన ముఖానికి రాసుకునే క్రీముతో శుభ్రం చేసింది. ఇల్లు, రైలు, గుడారం ఏదైనా ఆమెకు ఒకటే: బల్ల కదలకూడదు. నిమ్రూద్‌లో తవ్వకాల విడిదికి ఆనించి ఆమెకొక మట్టిగది కట్టారు, ఖర్చు 50 పౌండ్లు. బైత్ అగాథా, అంటే అగాథా ఇల్లు, అని దానికి పేరు. జీవితంలో ఆమెకంటూ రాత కోసం కట్టిన గది అదొక్కటే కావచ్చు. 1950 ఏప్రిల్లో ఆత్మకథ మొదలుపెట్టింది అందులోనే. అది ముగించడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఇలాంటి పనితీరు ఆ రోజుల్లో అందరిదీ కాదు. సిగరెట్టు పీకలూ తీపి టీ కప్పులూ పోగేసుకుంటూ డిక్టాఫోనుకు నవలలు చెప్పేసేవాడు ఎడ్గార్ వాలెస్. యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావును తెలుగువాళ్లు పోల్చింది ఆయనతోనే. జార్జ్ సిమెనాన్ ఒక పసుపు కవరు మీద పాత్రల పేర్లు, వయసులు రాసుకుని, తలుపేసుకుని, రోజుకో అధ్యాయం చొప్పున పదకొండు రోజుల్లోపు పుస్తకం తేల్చేవాడు. వాళ్లు తలుపేసుకున్నారు. క్రిస్టీ ఇంట్లో తలుపులు తెరిచే ఉండేవి. స్నేహితులు మాత్రం మీరు రాస్తుండగా ఎప్పుడూ చూడలేదే అనేవారు. ఆపిల్ పళ్లు కొరుకుతూ స్నానాల తొట్టిలో పడుకుని కథలు అల్లుకునే అలవాటు ఆమెకుంది. ఆ ఆపిళ్లను ఆరియాడ్నీ ఆలివర్ అనే పాత్రకు దానం చేసింది. ఆ పాత్ర కూడా డిటెక్టివ్ నవలల రచయిత్రే. ఫిన్లండ్ గురించి ఏమీ తెలియకుండానే ఫిన్లండ్ డిటెక్టివును సృష్టించి, ఇప్పుడు వాణ్ణి వదిలించుకోలేక తిట్టుకుంటుంది. పాయిరో మీద అసలు రచయిత్రికున్న విసుగంతా అలా అచ్చులోకి ఎక్కింది.

వదిలించుకోవడం మాత్రం తేలిక కాలేదు. రెండో యుద్ధంలో ఆమె మళ్లీ డిస్పెన్సరీకే వెళ్లింది, ఈసారి లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రికి. పగలు మందుల తూకం, రాత్రి బాంబుల మోతలో రాత. తాను పోతే ఇంట్లోవాళ్లకు ఆధారం ఉండాలని రెండు నవలలు రాసి దాచింది. పాయిరో చనిపోయే 'కర్టెన్' కూతురికి, 'స్లీపింగ్ మర్డర్' భర్తకు. 'కర్టెన్' ముప్ఫై ఏళ్లకు పైగా అలాగే ఉండి 1975లో వెలువడింది. ఆ ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో పాయిరో మరణవార్త వేసింది. లేని మనుషుల్లో అంతటి గౌరవం మరొకరికి దక్కినట్టు వినలేదు. ఈ యుద్ధకాలంలోనే మేరీ వెస్ట్‌మకాట్ అనే మారుపేరుతో 'ఆబ్సెంట్ ఇన్ ది స్ప్రింగ్' నవలను మూడంటే మూడు రోజుల్లో రాసింది. నేరం లేని కథ, ఏళ్లపాటు లోపల నానింది కాబట్టి ఒక్కసారిగా పడిపోయింది.

చివరి పుస్తకాలు మునుపటంత బిగువుగా లేవు, దాచాల్సిన పని లేదు. 1952లో మణికట్టు విరిగాక ఆమె డిక్టాఫోను అలవాటు చేసుకుంది. నోటితో చెప్పేటప్పుడు మాటలు పెరిగిపోతాయని, టైపు చేసేటప్పుడు కథ దారి తప్పదని ఆమెకే తెలుసు. 2009లో టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆమె నవలలను కంప్యూటరుతో పోల్చి చూశారు. 1972 నాటి 'ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్' దగ్గరికొచ్చేసరికి పదసంపద బాగా తగ్గి, పేరు తోచనప్పుడు మనం వాడే డొల్ల మాటలు పెరిగాయి. మతిమరుపు జబ్బు ఛాయలని వాళ్ల అనుమానం. ఆ నవల జ్ఞాపకాల గురించే, అందులో తిరిగేది ఆపిళ్ల ఆలివరమ్మే. అగాథా 1976 జనవరి 12న వాలింగ్‌ఫోర్డ్ ఇంట్లో కన్నుమూసింది.

ఇప్పుడు 'ది పేల్ హార్స్'. అందులో విషం థాలియం. అప్పట్లో అది ఎలుకల మందుల్లో వాడే లోహం. దాని లవణాలకు రంగు లేదు, రుచి లేదు. రోగాలు రకరకాలుగా కనిపిస్తాయి, డాక్టర్లు ఒక్కొక్కరికి ఒక్కో పేరు పెడతారు. అన్నింట్లో ఉమ్మడిగా ఉండే గుర్తు ఒకటే, జుట్టు ఊడిపోవడం.

1977లో ఖతార్ నుంచి పందొమ్మిది నెలల పాపను లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రికి తెచ్చారు. స్పృహ సరిగా లేదు, రోజురోజుకూ దిగజారుతోంది. ఏ పరీక్షకూ జబ్బు చిక్కలేదు. పాపను కనిపెట్టుకుని ఉన్న నర్సు ఖాళీ దొరికినప్పుడు చదువుకుంటున్న పుస్తకం 'ది పేల్ హార్స్'. పాప జుట్టు ఊడుతుండటం చూసి, ఇది థాలియం కావచ్చునని డాక్టర్లకు చెప్పింది. పరీక్ష చేయించారు, నిజమే. ఆ ఇంట్లో పురుగులకు వాడిన మందులో అది ఉంది. వైద్యం మార్చారు, పాప కోలుకుంది. తర్వాత డాక్టర్లు వైద్య పత్రికకు రాసిన నివేదిక చివర ఇద్దరికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఒకరు లక్షణాలను అంత కచ్చితంగా వర్ణించిన దివంగత అగాథా క్రిస్టీ. ఇంకొకరు, డ్యూటీలో నవల చదివిన ఆ నర్సు.